బీట్‌కు బేస్ కట్టడం

ఈ వార్షికోత్సవ సంచికలో ఏటా పోటీ పరీక్షల గురించి, మహనీయుల జీవితాల గురించి వ్యాసాలు వస్తాయి. అవి మాకంటే బాగా రాసేవాళ్లు ఉన్నారు. మేము ఈసారి వేరే విషయం ఎత్తుకున్నాం. రాసేది ఒక చెయ్యే అయినా పని మా రూములో ముగ్గురిది. అందుకే 'మేము' అంటున్నాం.

పోయిన వార్షికోత్సవం రాత్రి గుర్తుందా? ఇంటర్ చదివే తమ్ముడు ఒకడు స్టేజి ఎక్కి ర్యాప్ పాడాడు. మాటలు వాడివే. వాళ్లమ్మ పత్తి ఏరడానికి పోయే కూలి మీద, ఆ కూలి డబ్బులతో హాస్టల్‌కు వచ్చేటప్పుడు కొనిచ్చిన ట్రంకుపెట్టె మీద రాసుకున్నాడు. బీట్ మాది. పదిహేను రోజులు రాత్రిళ్లు కూర్చొని చేశాం. ఇయర్‌ఫోన్లలో వింటే గుండె అదిరేది. స్టేజి మీద అది మొదలవగానే రేకుల షెడ్డు కూడా వణికింది. పిల్లలు ఈలలు వేశారు. మేము గెలిచామనుకున్నాం. అంతా అయ్యాక ఆ తమ్ముడి తల్లి మా దగ్గరికి వచ్చి, "మంచిగనే దుమ్ము లేపిండ్రు బిడ్డా, గని వాడేం చెప్పిండో ఒక్క మాట తెల్వలె" అన్నది. ఆమె ముందు వరుసలోనే కూర్చుంది. తన మీద కట్టిన పాట తనకే అందలేదు.

తప్పు సౌండ్ బాక్సులది కాదు, తమ్ముడి గొంతుది కాదు. మేము కట్టిన బేస్‌ది. అది తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో నేర్చుకున్నదే ఈ వ్యాసం.

బేస్ అంటే పాటలో అన్నిటికంటే కింద నడిచే స్వరాల వరుస. మన సంగీతంలో మంద్ర స్థాయి అంటామే, ఆ చోటు. దాన్ని అందరం వింటాం గాని ఎవరం గమనించం. ఒకసారి ఇళయరాజా గారు చేసిన 'గీతాంజలి' (1989) పాటలు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, గాయకులను, వయొలిన్లను వదిలేసి, అడుగున నడిచే బేస్ గిటార్ ఒక్కదాన్నే పట్టుకొని వినండి. పాట కింద ఇంకో పాట నడుస్తున్నట్టు ఉంటుంది. చెవి తెరుచుకోవడానికి మాకు తెలిసిన మంచి అభ్యాసం అదే, ఖర్చు లేనిది కూడా.

అయితే సినిమా పాటలో బేస్ వాయించేవాడికి ముందే నొటేషన్ ఇస్తారు. శాంపిల్‌తో చేసే హిప్‌హాప్ బీట్‌లో అట్లా ఉండదు. శాంపిల్ అంటే ఎప్పుడో, ఎవరో వాయించిన రికార్డులోంచి కోసుకున్న ముక్క. దాన్ని తిప్పి తిప్పి వాయిస్తే లూప్. అంటే ఇల్లు ఎవరో కట్టి పెట్టారు, పునాది మాత్రం మనం తర్వాత వెయ్యాలి. ఈ తిరకాసు పని ఎందుకు వచ్చిందో తెలియాలంటే అది పుట్టిన చోటుకు పోవాలి.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరం బ్రాంక్స్ ప్రాంతంలో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలి, అందుకని టికెట్ పెట్టి పిలిచింది. రికార్డులు వేసింది ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. పాటలో గాయకులు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే ఆ కొద్ది సెకన్లకే జనం ఎక్కువ ఊగుతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకొని ఆ ముక్కనే మళ్లీ మళ్లీ వేయడం అతను తెచ్చిన పద్ధతి. హిప్‌హాప్ అక్కడ పుట్టిందని చెప్పుకుంటారు. వాయిద్యాలు కొనే స్తోమత లేని చోట రికార్డు ప్లేయరే వాయిద్యం అయింది. ఈ మాట మన హాస్టల్ పిల్లలకు వివరించి చెప్పనక్కర్లేదు.

మొదట్లో బేస్ గొడవ లేదు, రికార్డులో ఉన్నదే బేస్. 1979లో వచ్చిన 'రాపర్స్ డిలైట్' కింద నడిచేది అదే ఏడాది షీక్ బృందం చేసిన 'గుడ్ టైమ్స్' పాట బేస్. బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వాయించిన ఆ వరుసను స్టూడియోలో వేరే వాద్యకారులతో మళ్లీ వాయింపించారు. తర్వాత ఎడ్వర్డ్స్ పేరు, నైల్ రాడ్జర్స్ పేరు రచయితలుగా చేర్చాల్సి వచ్చింది.

తర్వాత శాంప్లర్ యంత్రాలు వచ్చాయి. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200లో మొత్తం నిలవ ఉంచుకోగలిగింది సుమారు 10 సెకన్ల శబ్దం. పది సెకన్లలో డ్రమ్స్, శాంపిల్ అన్నీ పట్టాలి. అందుకని 33 వేగంతో తిరగాల్సిన రికార్డును 45 వేగంతో తిప్పి ఎక్కించుకొని, యంత్రంలో మళ్లీ కిందికి దించేవాళ్లు. చోటు ఆదా అయ్యేది, దానితోపాటు శబ్దం కొంచెం గరుకుగా, మసకగా మారేది. ఆ గరుకుదనమే తర్వాత అందరికీ ముచ్చటైంది. 1988లో రోజర్ లిన్ రూపకల్పన చేసిన అకాయ్ ఎంపీసీ-60 వచ్చింది. ఇట్లా మసకబారిన ముక్క మీద గట్టి డ్రమ్స్ వేస్తే అడుగు భాగం బురద బురదగా వినిపిస్తుంది. అక్కడి నుంచే బేస్ విడిగా కట్టడం అవసరమైంది.

దానికి దారులు కొన్ని ఉన్నాయి. అకాయ్ ఎస్950 యంత్రంలో ఫిల్టర్ ఉండేది. అదే శాంపిల్‌ను రెండో కాపీ తీసి, ఫిల్టర్‌తో పై శబ్దాలన్నీ నొక్కేస్తే అడుగున బేస్ ఒక్కటే గుమ్ముమని మిగులుతుంది. అంటే మొక్క కొమ్మనే తెచ్చి దాని మొదట్లో నాటడం. పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్ ఈ పద్ధతిలో ఆరితేరినవాళ్లు. రెండోది, వాయించేవాడినే పిలవడం. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ బృందం 1991లో తెచ్చిన 'ది లో ఎండ్ థియరీ' ఆల్బమ్‌లో ఒక పాటకు జాజ్ విద్వాంసుడు రాన్ కార్టర్ నిలువెత్తు డబుల్ బేస్ వాయించాడు. ఆల్బమ్ పేరులోనే బేస్ ఉంది చూడండి. మూడోది సింథసైజర్ మీద కొత్తగా వాయించడం, లేదా 1980లో రోలాండ్ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ యంత్రపు కిక్ శబ్దాన్ని పొడుగ్గా సాగదీసి దాన్నే స్వరంగా వాడటం. మేము ఫోన్లో ఉచితంగా దొరికే యాప్‌లో చేసేది ఈ మూడో పనే.

ఇక మా బీట్ సంగతి. సినిమా పాట కోయడం మాకు ఇష్టం లేకపోయింది. కారణం తర్వాత చెబుతాం. మాలో ఒకరి తాత ఊళ్లో భజన మండలిలో హార్మోనియం వాయిస్తాడు. సంక్రాంతి సెలవుల్లో ఆయన వాయిస్తుంటే ఫోన్లో రికార్డు చేసుకున్నాం. అందులోంచి రెండు ఆవర్తాల ముక్క కోశాం. మొదటి ఆవర్తంలో ఏ మైనర్, రెండోదానిలో ఎఫ్ మేజర్ తీగలు. నిమిషానికి 100 దెబ్బల వేగంలో ఉంది. ర్యాప్‌కు మాకు 90 కావాలి. పాత క్యాసెట్ నెమ్మదిగా తిరిగినట్టు వేగం తగ్గిస్తే స్వరం కూడా బరువెక్కి దిగుతుంది. ఆ బరువు మాకు నచ్చింది.

పోయినేడు మేము చేసిన మొదటి తప్పు ఇక్కడే ఉంది. వేగం 0.9 రెట్లు అయితే స్వరం ఎంత దిగుతుంది? ఒక స్థాయిలో 12 అరస్వరాలు, ఒక్కో అరస్వరానికి 100 సెంట్లు అనుకుంటే, లెక్క వేస్తే సుమారు 182 సెంట్లు. అంటే రెండు అరస్వరాలకు 18 సెంట్లు తక్కువ. ఏ అనే స్వరం దిగి సరిగ్గా జీ మీద ఆగలేదు, జీకి 18 సెంట్లు పైన ఆగింది. మేము బేస్‌ను మాత్రం నిఖార్సైన జీ మీద పెట్టాం. ఇంటర్ ఫిజిక్సులో విస్పందనాల పాఠం ఉంది కదా, దగ్గర దగ్గర పౌనఃపున్యాలు కలిస్తే శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుందని? 98 హెర్ట్జ్ దగ్గర 18 సెంట్ల తేడా అంటే ఒక హెర్ట్జ్. సెకనుకోసారి అడుగంతా ఊగింది. ఎం.ఎస్సీ. ఫిజిక్సు చదువుతూ ఆ పాఠం మీద మార్కులు తెచ్చుకున్నవాళ్లం, మన చెవి ముందే అది జరుగుతుంటే పట్టుకోలేకపోయాం! మా నాన్న డప్పు కొడతాడు. దెబ్బ వెయ్యకముందు గడ్డి మంట మీద చర్మం కాచి, పక్కవాడి డప్పుతో కలిసిందాకా మొదలుపెట్టడు. ఆ ఓపిక మాకు లేకపోయింది. ఇప్పుడు బేస్‌ను 18 సెంట్లు పైకి జరిపాం. యాప్‌లో ఫైన్ ట్యూన్ అనే మీట ఉంటుంది, అది తిప్పితే చాలు. రికార్డు ఏదైనా సరే, ముందు శాంపిల్‌లోని 'స' ఎక్కడుందో గొంతుతో కూనిరాగం తీసి పట్టుకోండి, తర్వాతే బేస్ స్వరం పెట్టండి.

రెండో పని, శాంపిల్‌కు అడుగు ఖాళీ చేయడం. హార్మోనియంతోపాటు గది గుయ్యిమనడం, ఫ్యాను గాలి కూడా రికార్డయ్యాయి. హైపాస్ ఫిల్టర్ పెట్టి 150 హెర్ట్జ్ కిందిదంతా కోసేశాం. పాత పాట ముక్క అయితే అందులో దాని బేస్ ఉండనే ఉంటుంది. దాన్ని కొయ్యకుండా మీ బేస్ పెడితే ఒకే కుర్చీలో ఇద్దరు కూర్చున్నట్టే. కోసినప్పుడు శాంపిల్ ఒంటరిగా పలచగా వినిపిస్తుంది. భయపడొద్దు, బేస్ వచ్చి కలిశాక ఆ లోటు కనపడదు.

ఇప్పుడు స్వరాలు. దిగిన తర్వాత మా శాంపిల్ మొదటి ఆవర్తంలో జీ మైనర్, రెండోదానిలో ఇ ఫ్లాట్ మేజర్. జీని 'స' అనుకుంటే ఇ ఫ్లాట్ అంటే శుద్ధ ధైవతం. పోయినేడు ఆ 'ధ'ను వీలైనంత కిందికి, 39 హెర్ట్జ్‌కు తీసుకుపోయాం. ఇయర్‌ఫోన్లో గుండె అదిరింది దానికే. కాని ఫంక్షన్లకు కిరాయికి తెచ్చే బాక్సులు అంత లోతు సరిగా పలకలేవు. శబ్దం బయటికి రాదు గాని ఆంప్లిఫయర్ బలమంతా దానికే ఖర్చయిపోతుంది. ఆంప్లిఫయర్ హద్దు దాటాక అన్నీ కలిసి పగులుతాయి, మొదట నలిగేది గొంతే. ఈసారి స్వరాలన్నీ ఒక చిన్న గదిలో సర్దాం: స 98 హెర్ట్జ్, ని 87, ధ 78, ప 73. స నుంచి మెట్టు మెట్టుగా దిగి మళ్లీ ఎక్కడమే తప్ప పెద్ద దూకుళ్లు లేవు. నాలుగు స్వరాలు చాలా అంటే, చాలు. శాంపిల్ ఇప్పటికే మాట్లాడుతోంది, పైన మనిషి మాట్లాడుతున్నాడు. బేస్ కూడా ఉపన్యాసం ఇస్తే వినేవాళ్లెవరు?

అన్నిటికంటే ముఖ్యమైనది ఖాళీ. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. ఒక ఆవర్తాన్ని 16 గళ్లు చేస్తారు. మా కిక్ 1, 8, 11 గళ్లలో పడుతుంది. స్నేర్ 5, 13లో. మొదటి ఆవర్తంలో బేస్ 1 నుంచి 3 దాకా 'స' పలికి ఆగుతుంది. 8లో కిక్‌తోపాటు చిన్న 'స'. 11, 12లో మళ్లీ 'స'. 15లో చిన్న 'ని', అది రెండో ఆవర్తానికి దారి చూపుతుంది. రెండో ఆవర్తంలో 1 నుంచి 3 దాకా 'ధ', 8లో చిన్న 'ధ', 11, 12లో 'ప', 15లో 'ని', అక్కడి నుంచి తిరిగి మొదటి 'స'కు. లెక్కపెట్టండి, 32 గళ్లలో బేస్ పలికేది 14, మౌనంగా ఉండేది 18. స్నేర్ పడే గళ్లలో బేస్ ఎప్పుడూ లేదు, కాబట్టి స్నేర్ చప్పట్లా విడిగా తగులుతుంది. పోయినేడు మా బేస్ 32 గళ్లలోనూ ఆపకుండా మోగింది. తమ్ముడి మాటలకు ఊపిరి పీల్చుకునే చోటే లేదు.

ఖాళీ ఎక్కడ వదలాలో మాకు చెప్పింది మాటలే. ఈసారి బీట్ ముందు చేయలేదు. తమ్ముడిని పిలిచి కిక్, స్నేర్ మాత్రమే వేసి పాడమన్నాం. వాడి వాక్యం చివరి మాట ఎప్పుడూ 13వ గడి దగ్గర పడుతోంది. అక్కడ బేస్ తీసేశాం. అంతే, ఆ మాట పైకి లేచింది.

స్వరం పొట్టిగా, మొద్దుగా ఉండటానికి ఒక పెద్దాయనను తలుచుకోవాలి. జేమ్స్ జేమర్సన్, 1936లో దక్షిణ కరోలినాలోని ఎడిస్టో దీవిలో పుట్టాడు. డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ 1960లలో చేసిన లెక్కలేనన్ని హిట్ పాటల్లో బేస్ ఆయనదే. కుడిచేతి చూపుడు వేలు ఒక్కటే వాడేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. పాతబడి మురికి పట్టిన తీగ మోత సాగకుండా 'దుబ్' మని ఆగిపోతుంది. ఫోన్ యాప్‌లో అదే కావాలంటే డికే, రిలీజ్ అనే మీటలు తగ్గించి, పై శబ్దాలను ఫిల్టర్‌తో కొంచెం నొక్కండి.

ఇంకో చిన్న కిటుకు. 90 వేగంలో ఒక్కో గడి 167 మిల్లీసెకన్లు. బేస్ స్వరాలను గీత మీద నుంచి 20 మిల్లీసెకన్లు వెనక్కి జరిపాం. కిక్ ముందు తగిలి, బేస్ దాని వెనకే వస్తుంది. రెండూ ఒకేసారి గుద్దుకోవు, నడకలో కూడా మనిషి వాయించినట్టు ఒక బద్ధకం వస్తుంది. ఈ ఆలస్యపు నడకకు పేరుపడ్డవాడు డెట్రాయిట్‌కు చెందిన జె డిల్లా. తన 32వ పుట్టినరోజు 2006 ఫిబ్రవరి 7న 'డోనట్స్' ఆల్బమ్ విడుదలై, మూడు రోజులకే జబ్బుతో పోయాడు. ఆయన వాడిన ఎంపీసీ, మూగ్ సింథసైజర్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, యంత్రం మీద ఆయన తెచ్చిన ఆ తడబాటును తర్వాత వాద్యకారులు చేతులతో నేర్చుకున్నారు. 2000లో వచ్చిన డీయాంజెలో 'వూడూ' ఆల్బమ్‌లో పీనో పల్లడీనో బేస్ వినండి.

కొత్త బీట్ తయారయ్యాక ఊరికి పోయినప్పుడు మా నాన్నకు ఫోన్ స్పీకర్లో వినిపించాం. ఆయన చెవి దగ్గర పెట్టుకొని, "గుమ్మున ఉంటదన్నవు గద, ఏదిరా? చిటచిట తప్ప ఏం లేదు" అన్నాడు. మాకు మొహం చిన్నబోయింది. ఫోన్ స్పీకర్ గోరంత ఉంటుంది, 98 హెర్ట్జ్ దానివల్ల కాదు. మన ఊళ్లలో పాట వినేది ఎక్కువగా ఫోన్లోనే. మరి ఏం చేయాలి? దీనికీ ఫిజిక్సులోనే జవాబు ఉంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ 300 హెర్ట్జ్ కంటే కింది శబ్దాన్ని మోయదు, అయినా అందులో మగగొంతు మగగొంతులాగే వినిపించేది. 98కి రెట్టింపు 196, మూడింతలు 294, నాలుగింతలు 392... ఈ పై స్వరాలు చెవికి చేరితే అడుగున ఉండాల్సిన 98ని మెదడే నింపుకుంటుంది. శుద్ధమైన సైన్ తరంగంలో ఆ పై స్వరాలు ఉండవు. అందుకని బేస్ మీద కొంచెం డిస్టార్షన్, అంటే కావాలనే కొంచెం గరుకు, వేశాం. ఎక్కువైతే కీచుమంటుంది. నాన్న రెండోసారి విని ఏమీ అనలేదు, బొటనవేలితో మంచం పట్టె మీద దెబ్బ వేసుకుంటూ కూర్చున్నాడు. 15వ గడి 'ని' దగ్గర ప్రతిసారీ సరిగ్గా వేలు ఆపాడు. దాన్ని మించిన సర్టిఫికెట్ మాకు అక్కర్లేదు.

సినిమా పాట ఎందుకు కొయ్యలేదో చెబుతామన్నాం. జేమర్సన్ పేరు ఆ రికార్డుల మీద ఏళ్ల తరబడి లేదు. 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ మీద అచ్చయింది. లూ రీడ్ పాడిన 'వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్' (1972) బేస్ వాయించిన హెర్బీ ఫ్లవర్స్ అందులో రెండు రకాల బేస్ వాయించి, రెండు వాయిద్యాల కూలి తీసుకున్నాడు, అంతే. 1990లో ట్రైబ్ వాళ్లు 'కెన్ ఐ కిక్ ఇట్?'లో అదే బేస్ శాంపిల్ చేస్తే, ఆ డబ్బంతా లూ రీడ్‌కే పోయిందని ఆ బృందంలోని ఫైఫ్ చెప్పాడు. వాయించినవాడికీ లేదు, కోసినవాళ్లకీ లేదు. 1991లో బిజ్ మార్కీ మీద వచ్చిన కోర్టు తీర్పు తర్వాత అనుమతి లేకుండా శాంపిల్ వాడటం అమెరికాలో కష్టమైంది. మన వైపు పాటలు కూడా అటు పోయాయి. 'దళపతి' పాట ముక్క 2007లో ఎం.ఐ.ఏ. ఆల్బమ్‌లో ఉంది. శాంపిల్ చేయడం దొంగతనమని మేము అనడం లేదు. ఆ కళ మీద గౌరవంతోనే ఇంత రాశాం. కాని కూలి చేసినవాడి పేరు పోవడం మన ఇళ్లల్లో కొత్త సంగతి కాదు గదా. అందుకే మా ఫైలు పేరు హార్మోనియం తాత పేరుతోనే మొదలవుతుంది. ఆయనకు వినిపించి, సరే అనిపించుకున్నాకే తీసుకొచ్చాం. "ఇంత నెమ్మదిగ వాయిస్తనా నేను?" అని మాత్రం అడిగాడు.

ఫైలు, 32 గళ్ల కాగితం రెండూ రీడింగ్ రూములోని కంప్యూటర్లో పెట్టాం. స్వరాలు మార్చుకొని మీరూ ప్రయత్నించండి. ఈ సంచిక మీ చేతికి వచ్చే రోజు రాత్రే తమ్ముడు మళ్లీ అదే పాట పాడతాడు. సాయంత్రం నాలుగింటికి బాక్సులు రాగానే మాలో ఒకరు ముందు వరుసలో, ఒకరు చివర నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడి మాటలు వినబడుతున్నాయో లేదో చూస్తాం. ఆ తల్లికి ఫోన్ చేశాం, పత్తి ఏరుడు అయిపోయింది, వస్తానన్నది.